శంషాబాద్ నష్టం మన టికెట్‌లోకి ఎట్ల వచ్చింది?

  సిరిసిల్ల నుంచి మాట్లాడుతున్న. ఈ ఎపిసోడ్ ఒక వాట్సాప్ మెసేజ్ వల్ల వచ్చింది. కోరుట్లలో ఉండే మా బావ మస్కట్ పోతున్నడు. టికెట్ ఫొటో పంపి, "ఇందులో యూడీఎఫ్ అని ఒక లైన్ ఉంది, ఇదేంది? పోయినసారి ఇంత లేదు కదా" అని అడిగిండు. ఏదో ట్యాక్స్ అయి ఉంటదని ముందు అనుకున్న. తీరా వెతికి చూస్తే ఆ లైన్ వెనుక కరోనా కథ కూడా ఉంది. అదే ఈరోజు మాట్లాడుకుందాం.

"అన్నా, మనకు ఎయిర్‌పోర్టుతో ఏం పని?" అని ఎవరైనా అనొచ్చు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల్లో ఏ వాడకైనా పోయి అడగండి. దుబాయ్, మస్కట్, కువైట్, సౌదీ పోయినోళ్లు లేని వాడ దొరకదు. వాళ్లందరూ ఎక్కువగా శంషాబాద్ నుంచే పోవాలె, అక్కడికే దిగాలె. అంటే ఆ ఎయిర్‌పోర్ట్ ఖర్చులో మన వాటా కూడా ఉంది.

ముందు జరిగింది ఒకసారి గుర్తు చేసుకుందాం. 2020 మార్చి 22, జనతా కర్ఫ్యూ రోజు. అప్పటి నుంచి బయటి దేశాల విమానాలు ఆగినయ్. మూడు రోజులకే దేశం లోపల తిరిగేవి కూడా ఆగినయ్. దేశీయ విమానాలు మే 25న మళ్లీ మొదలైనయ్, అది కూడా మూడో వంతుతోనే. విదేశాలకు రెగ్యులర్ సర్వీసులు మళ్లీ మొదలైంది 2022 మార్చి 27న. అంటే రెండేళ్లు. మధ్యలో వందే భారత్ విమానాలు, ఎయిర్ బబుల్ విమానాలు మాత్రమే.

ఇప్పుడు లెక్క చూడండి. 2019-20 ఆర్థిక సంవత్సరంలో శంషాబాద్ నుంచి సుమారు 2 కోట్ల 16 లక్షల మంది ప్రయాణించిన్రు. ఆ తర్వాతి ఏడాది, 2020-21లో, అది సుమారు 80 లక్షలకు పడిపోయింది. సగటున రోజుకు 59 వేల మంది నడిచిన చోట 22 వేల మంది. ఇది మన దగ్గర ఒక్కటే కాదు, ప్రపంచమంతా 2020లో ఎయిర్‌పోర్ట్ ప్రయాణికులు 60 శాతానికి పైగా తగ్గిన్రు.

మనుషులు తగ్గితే ఖర్చు కూడా తగ్గాలె కదా? ఇక్కడే అసలు విషయం ఉంది. మన సిరిసిల్ల ఉదాహరణే తీసుకుందాం.

ఒక ఆసామికి ఎనిమిది సాంచాలు ఉన్నయ్ అనుకోండి. ఆర్డర్ ఆగింది, సాంచాలు బంద్ అయినయ్. నూలు కొనడు, కరెంట్ బిల్లు తగ్గుతది. కానీ షెడ్డు కిరాయి ఆగుతదా? బ్యాంకు కిస్తీ ఆగుతదా? ఆగదు. ఎయిర్‌పోర్ట్ కూడా అంతే, కాకపోతే అక్కడ షెడ్డు చాలా పెద్దది. ఒక్క విమానం దిగినా రన్‌వే లైట్లు ఉండాలె, ఫైర్ ఇంజన్ సిద్ధంగా ఉండాలె, సెక్యూరిటీ ఉండాలె. పది మంది ఉన్నరని టెర్మినల్‌లో పదో వంతు కట్టి పెట్టలేం.

దానికి తోడు అప్పు. ఈ ఎయిర్‌పోర్ట్ 2008 మార్చిలో మొదలైనప్పుడు ఏడాదికి 1 కోటి 20 లక్షల మందికి సరిపోయేటట్టు కట్టిన్రు. కరోనా రాకముందే అది నిండిపోయింది. అందుకే 3 కోట్ల 40 లక్షల మందికి సరిపోయేలా విస్తరణ పనులు మొదలుపెట్టిన్రు. ఎయిర్‌పోర్ట్‌ను నడిపే జీఎంఆర్ హైదరాబాద్ ఇంటర్నేషనల్ ఎయిర్‌పోర్ట్ కంపెనీ బయటి దేశాల్లో బాండ్లు అమ్మింది. 2017లో 35 కోట్ల డాలర్లు, 4.25 శాతం వడ్డీకి. 2019లో 30 కోట్ల డాలర్లు, 5.375 శాతం వడ్డీకి. ఈ రెండింటి మీద కాగితం లెక్క వేస్తే ఏడాదికి సుమారు 3 కోట్ల 10 లక్షల డాలర్ల వడ్డీ. డాలర్ 75 రూపాయలు అనుకుంటే 230 కోట్ల దాకా అయితది. విమానం ఎగిరినా ఎగరకపోయినా ఇది కట్టాల్సిందే. కరోనా మధ్యలోనే, 2021 ఫిబ్రవరిలో, ఇంకో 30 కోట్ల డాలర్లు 4.75 శాతానికి తెచ్చిన్రు.

మరి ఆదాయం ఎక్కడి నుంచి వస్తది? రెండు రకాలు. ఒకటి, విమానం దిగినందుకు, నిలబడినందుకు కంపెనీలు కట్టే చార్జీలు, ప్రయాణికుడి దగ్గర తీసుకునే యూడీఎఫ్. యూడీఎఫ్ అంటే యూజర్ డెవలప్‌మెంట్ ఫీ, మా బావ అడిగిన లైన్ ఇదే. రెండోది, డ్యూటీ ఫ్రీ షాపులు, హోటళ్లు, పార్కింగ్, అడ్వర్టైజ్‌మెంట్ బోర్డులు. మనిషి రాకపోతే రెండూ పోయినట్టే. షాపు పెట్టుకున్నోళ్లు, గేటు బయట క్యాబ్ నడిపేటోళ్లు కూడా దెబ్బతిన్నరు.

ఒక్క కార్గో మాత్రం నడిచింది. హైదరాబాద్ చుట్టూ మందుల కంపెనీలు ఉన్నయ్ కదా, వాటి సరుకు ఆగలేదు. 2021 జూన్ 1న ఒకే విమానంలో 56.6 టన్నుల స్పుత్నిక్ వ్యాక్సిన్, సుమారు 30 లక్షల డోసులు, శంషాబాద్‌లో దిగినయ్. అందుకే "నష్టమైతే మూసేస్తే పోయేది" అని అనలేం. ఎయిర్‌పోర్ట్ తెరిచి ఉంది కాబట్టే మందు వచ్చింది, గల్ఫ్‌లో చిక్కుకున్న మనోళ్లు ఇంటికి వచ్చిన్రు.

సరే, మరి ఆ నష్టం ఎవరు భరించిన్రు? ఇక్కడ జాగ్రత్తగా వినండి.

మన దేశంలో పెద్ద ఎయిర్‌పోర్టుల చార్జీలను ఏరా అనే సంస్థ నిర్ణయిస్తది. అంటే ఎయిర్‌పోర్ట్స్ ఎకనమిక్ రెగ్యులేటరీ అథారిటీ. ఐదేళ్లకోసారి లెక్క తీస్తది. ఎయిర్‌పోర్ట్ మీద పెట్టిన పెట్టుబడికి న్యాయమైన రాబడి ఎంత, నడిపే ఖర్చు ఎంత, తరుగుదల ఎంత, పన్ను ఎంత, అన్నీ కలుపుతది. అందులోంచి షాపులు, పార్కింగ్ లాంటి ఆదాయంలో 30 శాతం తీసేస్తది. మిగిలిన మొత్తాన్ని ఆ ఐదేళ్లలో వచ్చే ప్రయాణికుల మీద, విమానాల మీద పంచుతది.

అనుకున్నంత మంది రాకపోతే? ఆ తక్కువ పడ్డ సొమ్మును తర్వాతి ఐదేళ్ల లెక్కలో కలుపుతరు. ఎక్కువ వస్తే తగ్గిస్తరు కూడా. కాగితం మీద ఇది రెండు వైపులా పనిచేసే పద్ధతే. కానీ కరోనా సమయంలో ఇది ఒక వైపే తిరిగింది.

శంషాబాద్‌కు 2021 ఏప్రిల్ నుంచి 2026 మార్చి వరకు లెక్కను 2021లో తేల్చిన్రు. అంతకుముందు యూడీఎఫ్ దేశం లోపల పోతే 281 రూపాయలు, విదేశం పోతే 393. కొత్త ఆదేశంతో 2022 ఏప్రిల్ 1 నుంచి 480, 700 అయినయ్. అక్కడి నుంచి అంచెలంచెలుగా 2025 డిసెంబర్ నాటికి 750, 1500 అయ్యేటట్టు రాసిన్రు. మస్కట్ పోయేటోడికి 393 నుంచి 1500. దగ్గర దగ్గర నాలుగింతలు.

న్యాయంగా చెప్పాలె కాబట్టి చెప్తున్న, ఈ పెంపుకు కరోనా ఒక్కటే కారణం కాదు. కొత్త టెర్మినల్ ఖర్చు అందులో పెద్ద భాగం. కానీ ఖర్చు పెరిగి, పంచుకునే తలలు తగ్గితే తలా పడేది పెరుగుతది. ఇది చిన్న పిల్లలకు కూడా తెలిసిన లెక్క.

ఢిల్లీలో ఇంకో దారి నడిచింది. అక్కడి ఎయిర్‌పోర్ట్ కంపెనీ తన ఆదాయంలో 45.99 శాతం ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకి కట్టాలె. "విపత్తు వచ్చింది, కట్టలేం" అని ఒప్పందంలోని షరతు చూపించి ఆర్బిట్రేషన్‌కు పోయింది. 2020 మార్చి 19 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు కట్టక్కర్లేదని 2024 జనవరిలో తీర్పు వచ్చింది.

ఇప్పుడు మళ్లీ మన ఊరికి రండి. కంపెనీకి ఒప్పందం ఉంది, ఏరా ఉంది, తర్వాతి ఐదేళ్లు ఉన్నయ్. మరి సాంచాలు ఆగిన ఆసామికి? 2020లో వీసా కోసం అప్పు తెచ్చి, విమానం లేక ఇంట్లో కూర్చున్న పిలగానికి? వందే భారత్ విమానానికి సొంత పైసలతో టికెట్ కొని, హైదరాబాద్ హోటల్లో క్వారంటైన్ కూడా కట్టుకున్న అన్నకు? వాళ్లకు పోయిన ఏడాది జీతం తర్వాతి ఐదేళ్లలో ఎవరు కలిపి ఇస్తరు? ఎవరూ ఇవ్వరు. పైగా మళ్లీ గల్ఫ్ పోయేటప్పుడు ఎయిర్‌పోర్ట్ నష్టంలో వాటా కూడా వాళ్లే కట్టిన్రు.

ఎయిర్‌పోర్ట్ మునిగిపోవాలని నేను అనట్లేదు. అది మునిగితే మనకే దారి ఉండదు. నేననేది ఒక్కటే. నష్టాన్ని సర్దుకునే దారి పెద్ద సంస్థకు రాసి పెట్టినట్టే, కూలికి కూడా రాసి పెట్టాలె. 2020 అక్టోబర్ 1న సుప్రీంకోర్టు లాక్‌డౌన్ టికెట్ల పైసలు తిరిగి ఇవ్వాలని చెప్పింది. ఆ కేసు వేసింది ప్రవాసీ లీగల్ సెల్, అంటే ప్రవాసుల కోసం పనిచేసే సంస్థ. అడిగితేనే వచ్చింది, గుర్తుపెట్టుకోండి.

చివరగా రెండు పనికొచ్చే మాటలు. ఒకటి, మీ టికెట్ రద్దయినా, మీరు ఫ్లైట్ మిస్ అయినా, యూడీఎఫ్, ప్రభుత్వ పన్నులు మీకు తిరిగి రావాలె. ఆఫర్ టికెట్ అయినా సరే, డీజీసీఏ నిబంధన అది. "రీఫండ్ లేదు" అని ఏజెంట్ చెప్తే ఆ ముక్క అడగండి. రెండు, ఏరా కొత్త రేట్లు పెట్టే ముందు ముసాయిదా వెబ్‌సైట్‌లో పెట్టి అభిప్రాయాలు అడుగుతది. ఎయిర్‌లైన్స్ రాస్తయ్, కంపెనీలు రాస్తయ్. జగిత్యాల నుంచి ఒక ఈమెయిల్ ఎందుకు పోవద్దు? ఫోన్ మన చేతిలోనే ఉంది కదా.

మా బావకు ఇదంతా చెప్తే, "పోనీ, నేను కట్టిన దాంట్లో టెర్మినల్‌లో ఒక కుర్చీ నాదే అన్నమాట" అని నవ్విండు. నవ్వినా, మాట నిజమే.

మీ ఇంట్లో గల్ఫ్ పోయినోళ్ల టికెట్ తీసి ఆ లైన్ ఒకసారి చూడండి. ఎంత ఉందో కింద రాయండి. మళ్లీ కలుద్దాం, నమస్తే.