సగం అక్షరం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"కంప్యూటర్లతో నువ్వు చేసే పనేమిటో మాకు అర్థమయ్యేలా చెప్పు" అని కార్యదర్శి గారు అడిగారు. పెద్ద పనుల సంగతి వదిలేసి, ఒక చిన్న మరమ్మతు గురించి చెబుతాను.

కొన్నేళ్ల కిందట ఒక పాల సంఘానికి చెల్లింపుల ప్రోగ్రామ్ రాశాం. ఊరికొక జాబితా, పేర్లన్నీ తెలుగులోనే. పదిహేను రోజులకోసారి జాబితా బ్యాంకుకు వెళ్లేది. పెద్ద ఊళ్ల జాబితాల్లో మాత్రం ఒకటో రెండో పేర్లలో అక్షరం పోయి, ఆ చోట నల్లటి డైమండ్ గుర్తులో ప్రశ్నార్థకం వచ్చేది. అలాంటి పేరుంటే బ్యాంకు ఆ చెల్లింపును వెనక్కి పంపేది. అలా రెండుసార్లు డబ్బు ఆగిపోయిన ఒక పెద్దావిడ ఆఫీసుకొచ్చి, "పాలు నిండుగానే పోశాను కదా నాయనా, నా పేరు సగమే రాశారేం?" అంది.

మొదట ఫాంటును అనుమానించాం. తర్వాత పేర్లు టైపు చేసే అమ్మాయిని అనుమానించాం. తప్పు ఆమెదేనని ఆఫీసుకు రాసింది నేనే. ఆమె భయపడి ఆ పేరును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టింది. ఆ పేరు బాగుపడింది, దాని కింది పేరు విరిగింది! అప్పుడు గాని నాకు అనుమానం రాలేదు. టైపింగులో తప్పయితే ఒక పేరు నుంచి ఇంకో పేరుకు ఎలా దూకుతుంది?

డేటాబేస్‌లోకి నేరుగా వెళ్లి చూశాను. అన్ని పేర్లూ నిండుగా ఉన్నాయి. డేటాబేస్ గోదాం అయితే మన ప్రోగ్రామ్ దుకాణం. మధ్యలో సరుకు మోసే బండిని డ్రైవర్ అంటారు. సరుకు విరుగుతున్నది బండిలో.

యూటీఎఫ్-8 అనే పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో ఒక్కో గుర్తుకు మూడు బైట్లు కావాలి. 'కృష్ణ' అనే పేరులో క, దాని సుడి, ష, పొల్లు, ణ కలిసి అయిదు గుర్తులు, అంటే పదిహేను బైట్లు. మా డ్రైవర్ పెద్ద జాబితాను 8192 బైట్ల చొప్పున ముక్కలు చేసి, ఏ ముక్కకా ముక్కను విడిగా అక్షరాలుగా మార్చేది. 8192ను మూడుతో భాగిస్తే రెండు మిగులుతుంది. అంటే అన్నీ తెలుగు గుర్తులే ఉంటే, చివరి గుర్తుకు రెండు బైట్లు ఈ ముక్కలో, ఒకటి వచ్చే ముక్కలో పడతాయి. రెండూ అర్థంకాక ప్రశ్నార్థకాలవుతాయి. ఇంగ్లీషులో కొడితే పేరు పొట్టిదై, కోత పడే చోటు కింది పేరు మీదికి జరిగింది. ఆ డ్రైవర్‌ను రాసినవాళ్లు ఇంగ్లీషు మాటలతోనే పరీక్షించినట్టున్నారు. ఒక బైటును ఎక్కడ కోసినా విరగదు కదా!

మరమ్మతు కొద్ది వరుసలే. ముక్క చివర అక్షరం పూర్తి కాకపోతే ఆ బైట్లను మార్చకుండా దాచి, తర్వాతి ముక్క ముందు చేర్చాలి. మూడు బైట్ల గుర్తులో మొదటి బైటే 'నా వెనక ఇంకా ఇద్దరున్నారు' అని చెబుతుంది, కనుక కనిపెట్టడం కష్టం కాదు. 'కృష్ణ' పేరును పద్నాలుగు చోట్లా కోసి చూశాను, ఎక్కడా విరగలేదు. ఆ పరీక్షతో సహా మరమ్మతును డ్రైవర్ తయారీదారులకు పంపితే చేర్చుకున్నారు. హిందీ, తమిళ అక్షరాలూ మూడేసి బైట్లే, కాబట్టి వాళ్లకూ మేలు జరిగింది.

ఆగిన డబ్బు అందరికీ అందింది. టైపు చేసే అమ్మాయికి క్షమాపణ చెప్పి, ఆమె తప్పు లేదని ఆఫీసుకు మళ్లీ రాశాను. నాకు మరమ్మతు కన్నా ఆ ఉత్తరం రాయడమే కష్టమైంది.

ఈ బడిలో ఏడో తరగతి చూచిరాతలో మా తెలుగు మాస్టారు ఒక మాట అనేవారు. వరుస చివర చోటు చాలకపోతే అక్షరం మొత్తాన్ని కిందికి దించండి గాని, వత్తును వదిలి రాకండి అని. ఎన్నో ఏళ్ల తర్వాత నేను రాసిన ఆ కొద్ది వరుసల్లో ఉన్నది అదే మాట.

పిల్లలూ, మీరు రేపు ఏ యంత్రం తయారు చేసినా మన ఊరి పేర్లతో ఒకసారి పరీక్షించండి. తప్పు కనబడితే మనిషి మీద వేసే ముందు బండిని విప్పి చూడండి.

సెలవు.