అత్తవారింట చిరునామా
(సాంస్కృతిక సమావేశమున చేయబడిన ప్రసంగము)



తెలుగునాట కోడలిని చిరునామా అడుగువారు లేరు. ఫలానావారి కోడలన్నచో ఊరు, వీధి, ఇల్లు అన్నియు అందులోనే తెలిసిపోవును. వీసా అధికారి యెదుట మాత్రము ఈ పరిచయము చెల్లదు. అచట నోటిమాట నీటిమూటయే. అత్తమామల యింట కాపురముండి, తన పేర ఒక్క కాగితమైనను లేని యువతి తాను ఆ యింటనే యున్నానని రుజువు చేయుట యెట్లు? బ్రిటనుకు పిల్లనిచ్చు కుటుంబములకు ఎదురగు ప్రశ్న యిది.

ఇందు రెండు ఘట్టములు కలవు. మొదటిది ప్రయాణమునకు ముందు. 2012 జూలై 9న అమలులోనికి వచ్చిన బ్రిటిషు కుటుంబ వలస నియమములు దంపతులకు తగిన వసతి యుండవలెనని కోరును. సొంత యిల్లే కానక్కరలేదు, అత్తవారిల్లును చెల్లును. కాని అందు కనీసము ఒక గది ఆ దంపతులకే ప్రత్యేకింపబడవలెను. ఇల్లు జనముతో కిక్కిరిసి యుండరాదు. దీనికి కొలత 1985 నాటి గృహ చట్టములో కలదు. గదుల వైశాల్యము చాలినంత యున్నచో, కూర్చుండు గదితో కలిపి, మూడు గదులకు 5 గురు, నాలుగు గదులకు ఏడున్నర మంది. ఈ అర మనిషి యెవరని నవ్వుకొనవచ్చును. ఏడాది నిండి పదేండ్లు నిండని బిడ్డ అర లెక్క. ఏడాది నిండని శిశువు లెక్కకే రాదు.

కావున మామగారు వ్రాయు ఉత్తరము “కోడలు ఇచటనే యుండును” అను ఒక్క వాక్యముతో ముగియరాదు. గదులెన్ని, అందున్నవారెవరు, వారి వయస్సులెంత, దంపతులకు కేటాయించిన గది యేది అనునవి తెలిపి, తేదీ వేసి సంతకము చేయవలెను. ఇంటి యాజమాన్య పత్రము, కౌన్సిల్ టాక్సు బిల్లు ప్రతులను జతపరచవలెను. అద్దె యిల్లయినచో ఒప్పందమును, యజమాని అనుమతిని చేర్చుట మేలు.

రెండవ ఘట్టము మరింత సూక్ష్మమైనది. స్వదేశమునుండి కోరినవారికి మొదట లభించు అనుమతి 33 మాసములు. పొడిగింపు కోరునపుడు, దంపతులు కలిసి కాపురముండిరని చూపుటకు రెండేండ్ల కాలమునకు చెందిన 6 ఉత్తరములు, కనీసము మూడు వేర్వేరు చోట్లనుండి వచ్చినవి, అడుగుదురు. ఉభయుల పేర వచ్చినవి చాలనిచో, అదే చిరునామాకు వేర్వేరుగా వచ్చినవియు చూపవచ్చును. చిక్కంతయు ఇచటనే యున్నది. కరెంటు బిల్లు మామగారి పేర, నీటి బిల్లు అత్తగారి పేర, బ్యాంకు ఖాతా భర్త పేర నుండును. రెండేండ్లు వండి వడ్డించిన కోడలికి ఆ వంటింట నున్నట్లు సాక్ష్యమిచ్చు ఉత్తర మొక్కటియు ఉండదు.

దీనికి మందు మొదటి మాసముననే వేయవలెను. వైద్యుని వద్ద పేరు నమోదు, సొంత బ్యాంకు ఖాతా, ఉద్యోగమున్నచో జీతపు చీటీ: ఇవన్నియు క్రమముగా ఉత్తరములు తెచ్చిపెట్టును. కామన్వెల్తు పౌరురాలగుటచే, అచట నివసించు భారతీయ యువతి ఓటర్ల జాబితాలోను చేరవచ్చును. బ్యాంకు లెక్కలను చిరునామాతో తపాలాలో తెప్పించుకొనుట మంచిది.

స్వదేశమున అత్తవారింట నున్నవారికిని ఇదే చిక్కు కలదు. ఇచట మార్గము కొంత సులభమైనది. 2023 నుండి కుటుంబ పెద్ద సమ్మతితో, బంధుత్వ పత్రము చూపి, ఆధారులో చిరునామా మార్చుకొనవచ్చును. ఆ పెద్ద 30 దినములలోగా సమ్మతి తెలుపవలెను.

కోడలు కాగితములు అడిగినచో కొందరు పెద్దలు నొచ్చుకొందురు. వేరుకాపురమునకు తొలిమెట్టని శంకింతురు. అది పొరపాటు. ఆ కాగితములు లేనిచో బెదిరిపోవునది ఆమె యొక్కతెయే కాదు. కొడుకు కాపురమును సందిగ్ధమున పడును. మరియొక కఠిన సత్యము కలదు. హింసకు గురియైన భార్య భర్తతో నిమిత్తము లేకయే శాశ్వత నివాసము కోరుటకు బ్రిటిషు నియమములలో దారి యున్నది. అట్టి దుర్దినము రాకూడదు. వచ్చినచో మాత్రము ఆమె పాస్‌పోర్టు, ఆమె కాగితములు ఆమె చేతిలోనే యుండవలెను.

పిల్లను సాగనంపునపుడు సారెలో పసుపు, కుంకుమ, చీరలు, పిండివంటలు ఒక్కటియు మరువక సర్దుదురు. ఇకమీదట వానితోపాటు ఆమె పేరు వ్రాసిన ఒక ఖాళీ ఫైలును కూడ ఉంచుడు. దానిని నింపు బాధ్యత ఉభయ కుటుంబములది.