నూరేండ్ల ఆసుపత్రి



మన అధ్యక్షఖండపు నూరేండ్ల పండుగలో, అంతే వయసుగల ఒక ఆసుపత్రిని తలచుకొందము. 1908 మూసీ వరదలో అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి నాశనమయ్యెను. తరువాత విన్సెంట్ ఎష్ రూపకల్పనలో ఉస్మానియా ఆసుపత్రి భవనము 1925 నాటికి పూర్తయ్యెను. ఎత్తైన పైకప్పులు, విశాలమైన వరండాలు రోగులకు చల్లని గాలినిచ్చెను. అయితే 2020 జులైలో వార్డులలోనికి వాననీరు రాగా, రోగులను తరలించి పాతభవనమును మూసివేసిరి. 2025 జనవరిలో గోషామహల్‌లో కొత్త భవనమునకు శంకుస్థాపన జరిగెను.

కొత్తది కావలసినదే. ఆక్సిజన్ గొట్టములు, లిఫ్టులు, నేటి ఆపరేషను గదులు పాతగోడల మధ్య ఇముడుట కష్టము. అయినను తప్పంతయు వయసుదని మనము తలంపరాదు. గోడపగులులో మొలచిన రావిమొక్కను ఆ యేడే పెరికివేయక, తొలకరికి ముందు తూములు తీయక, సున్నపుగోడకు సిమెంటు పూసి తేమను లోపల బంధించినచో ఏ కట్టడమైనను పాడగును. నేటి కొత్తది రేపటి పాతదే గదా!

శంకుస్థాపనకు మనమందరము వెళ్లుదుము. తూము తీయించుటకు ఎవరు వెళ్లుదురు? ఈ వానలకు ముందు మన ఊరి ప్రభుత్వాసుపత్రి పైకప్పు ఎవరైనను ఎక్కి చూచిరా అని అడుగుదము. అడుగుటయు సేవయే.