కీళ్లవాతము - పథ్యము

మన యూళ్లలో మోకాలు నొచ్చినను వాతమే, చేతివ్రేళ్లు వాచినను వాతమే, కాలి బొటనవ్రేలు అర్ధరాత్రమున నిప్పు త్రొక్కినట్లు మండినను వాతమే. పేరొక్కటి యగుటచే పథ్యము కూడ నొక్కటియే యని జనులు తలంచుచున్నారు. చింతపండు మానుము, వంకాయ మానుము, బంగాళాదుంప మానుము, పెరుగు మానుము అని ప్రక్కయింటివారు చెప్పుదురు. రోగి యన్నియు మానును. నొప్పి మాత్రము మానదు.

పూర్వవైద్యులు వ్యాధుల నిట్లు కలగాపులగము చేయలేదు. చరకసంహితయందు వాతరక్తమునకు వేరుగా నొక యధ్యాయము కలదు. మాధవకరుడు తన నిదానగ్రంథమున ఆమవాతమును ప్రత్యేకవ్యాధిగా నిరూపించెను. కీళ్లలో చేరిన వాతము ఈ రెండింటికంటె వేరు. నేటి వైద్యుల విభాగమునకు ఇవి పేరునకు పేరుగా నతుకవు గాని, రోగములు పెక్కు గలవు, చికిత్సలును పెక్కు గలవు అను మూలసూత్రము మాత్రము ఇరువురకు సమానమే. నేను వైద్యుడను గాను. ముప్పదియైదేండ్లు నల్లబల్లయొద్ద నిలువబడి తెలుగును సంస్కృతమును చెప్పినవాడను. వైద్యులు తెలిపినదియు, చదివి తెలిసికొన్నదియు, మా యింట చూచినదియు మాత్రమే విన్నవింతును.

వయస్సుతో వచ్చు కీళ్ల యరుగుదల సర్వసాధారణమైనది. ఎముకల కొనలపై నున్నని మృదులాస్థి యుండును. అది క్రమముగా పలుచబడును, కీలుపొర వాచును, ఎముక యంచులు పెరుగును. నా మోకాళ్ల వ్యాధి యిదియే. దీనికి మొదటి యౌషధము దేహభారమును తగ్గించుకొనుట. ఒక కిలో బరువు తగ్గినచో అడుగడుగునకు మోకాలిపై బడు భారము నాలుగు కిలోలు తగ్గునని 2005లో అమెరికాలో ప్రకటితమైన యొక పరిశోధన తేల్చినది. రోజునకు మన మెన్ని వేల యడుగులు వేయుదుమో లెక్కించి చూడుడు. నేను మూడవ వడ్డన అన్నమును మానితిని. పప్పును ఆకుకూరలను పెంచితిని. సాయంకాలపు జంతికలను మనుమలకు వదలితిని. ఏడాదిలో ఆరు కిలోలు తగ్గితిని. ఆవకాయను మాత్రము మానలేదు, మానవలసిన పనియు లేదు.

రెండవ యౌషధము తొడకండరములకు బలము కలిగించుట. నొప్పియని కదలక కూర్చున్నవానికి తొడ సన్నగిలును. తొడ సన్నగిలినకొలది బరువంతయు కీలుపై బడును. నొప్పి మరింత యగును. కుర్చీలో కూర్చుండి ఒక కాలిని ముందునకు తిన్నగా చాచి, అమరకోశములోని యొక శ్లోకమును నిదానముగా చదువునంతసేపు నిలిపి, మెల్లగా దింపవలయును. అది యించుమించు పది సెకండ్ల కాలము. కాలికి పదిమార్లు చొప్పున ఉదయసాయంకాలములందు చేసినచో, రెండుమూడు మాసములకు మెట్లెక్కుటలోనే భేదము తెలియును. సమతలమున నడచుటయు మంచిదే. చేతికఱ్ఱ పట్టువారు నొప్పిగల మోకాలికి ఎదుటి ప్రక్క చేతితో పట్టవలయును. పెక్కుమంది నొప్పిగల ప్రక్కనే పట్టి వ్యర్థముగా శ్రమపడుచున్నారు.

నేలమీద బాసిపట్టు వేసికొని భుజించు అలవాటు నాకు బాల్యమునుండి కలదు. ఇప్పుడు బల్లయొద్ద భుజించుచున్నాను. దీనికి ధర్మశాస్త్రములలో ప్రాయశ్చిత్త మేమైన కలదా యని మా బంధువొకరు పరిహాసము చేసిరి. మోకాళ్లు వంగనివానికి ఎత్తుగల ఆసనము, ఎత్తుగల మరుగుదొడ్డి, స్నానపుగదిలో పట్టుకొనుటకొక కడ్డీ, ఇవి మందులతో సమానములు.

ఇక పథ్యము. పులుపు కీళ్లను అరుగదీయు ననుటకు ఆధారము లేదు. ఏదేని పదార్థము తిన్నప్పుడు నొప్పి హెచ్చుచున్నదని తోచినచో, దానినొక్కదానిని నెలరోజులు మాని, మరల తిని చూడవచ్చును. ఒక్కుమ్మడిగా పదింటిని మానుట పరీక్ష కాదు, ఉపవాసము. పథ్యము పేర కారపుపొడి యన్నముతో కాలము గడుపు వృద్ధస్త్రీలను నేనెఱుగుదును. వారికి నొప్పి తగ్గలేదు. కండ మాత్రము కరగినది. పప్పులు, పెసలు, పాలు, మజ్జిగ, గ్రుడ్డు తినువారికి గ్రుడ్డు, ఇవి వృద్ధాప్యమున తగ్గింపదగినవి కావు. నూరు గ్రాముల రాగులలో సుమారు 340 మిల్లీగ్రాముల సున్నపు ధాతువు, అనగా కాల్షియము కలదు. అది యెముకలలో చేరుటకు డి విటమిను కావలయును. నీరెండలో కొంతసేపు నడచుట మంచిది; లోపము రక్తపరీక్షలో తేలినచో మందు తీసికొనవలయును. వారమున కొక్కటి చొప్పున వాడవలసిన 60,000 యూనిట్ల పొట్లమును బలమునకని నెలలతరబడి తమంతట తామే వాడువారు కలరు. అతిగా వాడినచో రక్తములో కాల్షియము పెరిగి మూత్రపిండములు చెడును.

అంగళ్లలో కీళ్ల కొఱకని అమ్ము మాత్రలలో గ్లూకోసమీను ప్రసిద్ధమైనది. శాకాహారులు గమనింపుడు: అది సామాన్యముగా రొయ్యల, పీతల పెంకులనుండి తీయబడును. 2006లో అమెరికాలో సుమారు 1,580 మందిపై జరిపిన పరీక్షాఫలములు ప్రకటితమైనవి. మొత్తముమీద అది ఉత్తుత్తి మాత్రకంటె స్పష్టముగా మెరుగని తేలలేదు. ఆ ధనముతో పాలు కొనుట మేలని నా యభిప్రాయము. పసుపులోని సారము మోకాలినొప్పిని కొంత తగ్గించునని కొన్ని చిన్న పరిశోధనలు చెప్పుచున్నవి. మిరియముతో చేరినచో అది రక్తములోనికి హెచ్చుగా నెక్కునని 1998లో బెంగుళూరు వైద్యులు చూపిరి. కాని గాఢమైన పసుపు మాత్రలచే కాలేయము చెడిన సందర్భములును కలవు. కూరలో వేసికొను పసుపునకు భయము లేదు.

ఇచ్చట మన నేలకు సంబంధించిన యొక మాట చెప్పవలయును. 1937లో అప్పటి నెల్లూరు మండలమున కొన్ని గ్రామములలో జనుల వెన్నును కీళ్లును బిగిసిపోవు వ్యాధిని వైద్యులు వర్ణించిరి. కారణము వాతము కాదు, బావినీటిలోని ఫ్లోరైడు. నల్లగొండ మండలమును కూడ ఆ పీడ తరతరములుగా బాధించినది. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదు. అట్టి గ్రామములలో నడుము బిగిసినవాడు తైలముకంటె ముందు త్రాగునీటిని పరీక్ష చేయింపవలయును.

వాతరక్తమును పోలినది, నేడు గౌట్ అను పేర ప్రసిద్ధమైనది, యూరిక్ ఆమ్లము కీళ్లలో స్ఫటికములై నిలుచుటచే వచ్చును. మద్యము, కాలేయము మొదలగు మాంసములు, చక్కెర పానీయములు దీనికి విరోధులు. పప్పులను అంతగా నిందింప బనిలేదు. పాలు, మజ్జిగ మేలు చేయును. మాటిమాటికి వచ్చువారికి ఆమ్లమును తగ్గించు మందు ఏండ్లతరబడి అవసరము.

ఆమవాతము మాట వేరు. శరీరరక్షణకు నియుక్తమైన శక్తియే కీలుపొరలపై తిరుగబడు వ్యాధియని నేటివైద్యులు చెప్పుదురు. ఇరుచేతుల చిన్నకీళ్లు వాచుట, ప్రొద్దుట లేచిన గంటసేపటికిగాని వ్రేళ్లు ముడుచుకొనకుండుట దీని గుర్తులు. దీనిని పథ్యము ఆపలేదు. మొదటి మాసములలోనే తగిన మందు పడినచో కీలు నిలుచును. సముద్రపు చేపలనూనె నొప్పిని కొంత తగ్గించును గాని కీలును కాపాడునది మందే.

మా చెల్లెలికి ఇది యేబదవయేట వచ్చినది. అత్తవారియూరిలో ఒకరు పొట్లములు కట్టి యిచ్చుచుండిరి. పేరు లేదు, చీటి లేదు. మూడునాళ్లలో నొప్పి పోయినది. పుష్కరమునాటి మందని వారందరును మురిసిరి. రెండేండ్లు గడచునప్పటికి ఆమె ముఖము ఉబ్బినది, చక్కెరవ్యాధి పట్టినది, కుడిచేతి వ్రేళ్లు ప్రక్కకు వంగినవి. పట్టణములోని కీళ్లవైద్యుడు చూచి, ఆ పొడిలో స్టిరాయిడు కలిపియున్నారని చెప్పెను. అది నొప్పిని కప్పినది, రోగము లోపల తన పని తాను చేసినది. అట్టి పొడులు వాడుచున్నవారు ఈ మాట విని రేపే మానవలదు. అకస్మాత్తుగా మానుట ప్రాణాపాయము. పొట్లమును చేతబట్టుకొని వైద్యునియొద్దకు పోయి, ఆయన చెప్పినట్లు మెల్లమెల్లగా తగ్గింపవలయును. అట్లే అంగడిలో కొను నొప్పిమాత్రలు దినదినము మ్రింగినచో కడుపులో పుండ్లు పడును, మూత్రపిండములు చెడును. మోకాలికైనచో పైపూత ముందుగా వాడి చూడదగును.

ఇప్పుడు ఆమెకు మెథోట్రెక్సేటు అను మందిచ్చుచున్నారు. అది వారమున కొక్కదినము మాత్రమే మ్రింగవలసినది. దినమున కొకటియని పొరబడి మ్రింగిన మరణమే సంభవింపవచ్చును. కావున మా మేనల్లుడు పంచాంగపుగోడపటమున ప్రతి ఆదివారమునకు ఎఱ్ఱసిరాతో సున్న చుట్టియుంచెను. మరియొక దినమున ఫోలిక్ ఆమ్లపు మాత్ర. కొన్నివారముల కొకసారి రక్తపరీక్ష. వంగిన వ్రేళ్లు చక్కబడలేదు. నాలుగేండ్లుగా క్రొత్తకీలేదియు వాయలేదు. సన్నని కలము పట్టు చిక్కనందున దానికి గుడ్డ లావుగా చుట్టి, ఆమె నాకు ఉత్తరములు వ్రాయుచున్నది.