కళ్లజోడు నంబరు వెనుక నాలుగేళ్ల చదువు

యంత్రానికి గడ్డం ఆనిస్తే క్షణాల్లో కళ్లజోడు నంబరు చీటీ వచ్చేస్తుంది, ఇక ఆప్టోమెట్రీకి నాలుగేళ్ల డిగ్రీ ఎందుకని కొందరి సందేహం. ఆ చీటీ ఒక అంచనా మాత్రమే. పిల్లల కంటికి దగ్గరి చూపుకోసం సర్దుకునే శక్తి ఎక్కువ. యంత్రంలోకి చూస్తూ తెలియకుండానే ఆ శక్తి వాడేస్తే లేని మైనస్ కనబడుతుంది, ఉన్న ప్లస్ దాక్కుంటుంది. దాన్ని పట్టుకోవాలంటే కాంతిశాస్త్రం, కంటి నిర్మాణం, రెండు కళ్లూ జంటగా పనిచేసే తీరు తెలియాలి. చివరి ఏడాది ఇంటర్న్‌షిప్ పెట్టింది ఈ నేర్పు చేతికి రావడానికే.

ఆపరేషన్ చేయనివారికి జబ్బుల పాఠాలెందుకన్నది మరో ఆక్షేపణ. అసలు అవసరం అక్కడే ఉంది. నీటికాసులు చాలామందిలో నొప్పి లేకుండా మొదలై, పక్కచూపును మెల్లగా తినేస్తాయి. చత్వారం అద్దాలకని వచ్చిన మనిషి కంటినరాన్ని చూసి అనుమానించి, డాక్టరు దగ్గరికి పంపాల్సింది ఆప్టోమెట్రిస్టే. ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ పల్లె కేంద్రాల్లో ఏడాది శిక్షణ పొందిన విజన్ టెక్నీషియన్లే ప్రాథమిక పరీక్షలు చేస్తున్నారు కదా అనవచ్చు. నిజమే, బాగా చేస్తున్నారు కూడా. కానీ మెల్లకన్ను, శంకువులా సాగిన కార్నియాకు కాంటాక్ట్ లెన్సు, అద్దాలతోనూ సరిపడని మందచూపు ఏడాదిలో పట్టుబడే విద్యలు కావు. కాలేజీలో చేరేముందు ఫీజుతోపాటు, ఇంటర్న్‌షిప్‌లో ఎంతమంది రోగులను చూడనిస్తారో కూడా అడగండి.