చెయ్యి వాలిపోతే ఆలస్యం చేయవద్దు



సూది వేసేది నరానికే, పిక్క పట్టినా నరమే అంటాం. మేము ఈ వేళ చెప్పేది మాత్రం చేతికి కదలిక, స్పర్శ ఇచ్చే నరాల సంగతి. ఇవి మెడ దగ్గర వెన్నుపాము నుంచి 5 పాయలుగా బయలుదేరి, ఒకదానితో ఒకటి అల్లుకొని చేతిలోకి దిగుతాయి.

మోటారుసైకిలు మీంచి పడ్డప్పుడు తల ఒకవైపు, భుజం ఇంకొకవైపు గుంజుకుపోతే ఇవి సాగుతాయి, తెగుతాయి. ఎముక విరగకపోవచ్చు, ఎక్స్‌రే బాగానే ఉండవచ్చు. చెయ్యి మాత్రం వాలిపోతుంది. మనవాళ్ళు వెంటనే పుత్తూరు కట్టుకు బయలుదేరతారు! కట్టు ఎముకకే గాని, తెగిన నరాన్ని అతకలేదు. పడుగు పోగు తెగితే మన చీరాల నేతగాడు అప్పుడే ముడి వేస్తాడు, పండుగ వెళ్ళాక చూద్దామనుకోడు గదా.

అతికిన నరం రోజుకు సుమారు 1 మిల్లీమీటరు పెరుగుతుంది. మోచెయ్యి మడిచే కండను చేరడానికే నెలలు పడుతుంది. ఆ కండేమో ఏడాది, ఏడాదిన్నరకు ఎండిపోతుంది. అందుకే ఆపరేషన్ అవసరమైతే 3 నుంచి 6 నెలల లోపలే మేలంటారు. సాగిన నరమైతే దానంతటదే కోలుకోవచ్చు. ఏది సాగిందో ఏది తెగిందో తేల్చవలసింది నరాల డాక్టరు. గుంటూరు పెద్దాసుపత్రిలో ఆ విభాగం ఉంది. తైలం మర్దనాలతో 8 నెలలు గడిపి వెళితే వారు మాత్రం ఏం చేస్తారు?

కష్టపు కాన్పులో పసిబిడ్డకూ ఇలా జరుగుతుంది. చాలామందికి నయమవుతుంది గాని, 3 నెలలకూ మోచెయ్యి మడవకపోతే తప్పక నిపుణులకు చూపించాలి.

ఇంకొక మాట. స్పర్శ లేని చేతితో పొయ్యి మీది గిన్నె దించనివ్వకండి, కాలినా తెలియదు.