కారని చెత్త సంచి



ఖైరతాబాద్‌లోని మా ఇంటి మెట్లమీద ఒకనాడు చెత్త సంచి కారింది. ఆ తడిలో మా ఆవిడ జారిపడింది. మణికట్టుకు ఆరు వారాలు కట్టు. కారని సంచి ఎలాగా అని ఆనాటి నుండి ఆలోచనలో పడ్డాను.

పసిపిల్లల డైపర్లలో ఉండే సోడియం పాలీయాక్రిలేట్ పొడి తన బరువుకు వందల రెట్లు నీరు పీల్చి ముద్దవుతుంది. సంచి అడుగున అది వేసి చూశాను. మంచినీళ్లను ఇట్టే పట్టింది. చారు పోస్తే మాత్రం చాలా భాగం అలాగే నిలిచింది. కారణం ఉప్పు! పైగా ఆ పొడి మట్టిలో త్వరగా కలియదు గనుక ఎరువుకు పనికిరాదు.

చివరకు పాత దినపత్రికే నెగ్గింది. కూరముక్కలను ముందు చిల్లుల గిన్నెలో వడకట్టండి. తడి చెత్త డబ్బా అడుగున కాగితం నాలుగు మడతలు వేయండి. తడిని పీల్చి, ఎరువులో తానూ కలిసిపోతుంది. తడి, పొడి చెత్తలను వేరుగా ఇమ్మని 2016 నాటి నిబంధనలే చెప్పాయి.

ఇది మన మెట్ల కోసమే కాదు. సంచిని ఆటోలోకి ఎత్తే మనిషి బట్టలమీదా ఆ నీరే కారుతుంది. జవహర్‌నగర్ చెత్తగుట్టల నుండి ఊరిన అలాంటి నీరే మల్కారం చెరువును పాడుచేసింది. మన వంతు చేద్దాం. సెలవు.